ఖర్జూరపు గింజ, మామిడి టెంక

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల సందుల్లో బండ్లకు నంబరు ప్లేట్లు చేసే చిన్న కొట్లు ఉన్నాయి. బోర్డు మీద యజమాని పేరు ఉన్నా లేకపోయినా 'రేడియం' అన్న మాట మాత్రం ఉంటుంది. కొండకు మనుషుల్ని తోలే జీపు ఒకటి వచ్చి ఆగుతుంది. కొట్లో కుర్రవాడు మెరుపు కాగితపు చుట్ట దింపి, సన్నటి బ్లేడుతో తిరునామం కోసి, వెనక పొర ఒలిచి, అద్దం మీద అంటించి, పాత ఏటీఎం కార్డు అంచుతో గాలి బుడగలు లేకుండా రుద్దుతాడు. రాత్రి ఘాట్ రోడ్డులో వెనక బండి లైటు పడితే ఆ నామం దగదగా మెరుస్తుంది. దాన్నే రేడియం అంటారు.

ఆ కాగితంలో రేడియం ఇసుమంత కూడా లేదు. పడిన వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపే సన్నటి గాజు పూసలు ఉంటాయి, అంతే. మాట మాత్రం నిజమైన రేడియం నుంచే వచ్చింది. నూరేళ్ల కిందట గడియారం ముళ్లకు, అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు. చీకట్లో వెలిగేది. అమెరికాలో న్యూజెర్సీ ఫ్యాక్టరీల్లో ఆ రంగు పూసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నబడాలని పెదవులతో తడుపుకొన్నారు. దవడ ఎముకలు గుల్లయి చాలామంది చనిపోయారు. ఆ గడియారాలు పోయాయి, ఆ రంగు పోయింది. చీకట్లో మెరిసేదేదైనా రేడియమే అన్న అర్థం మన బజార్లలో మిగిలింది.

పీలేరు దగ్గర మా బంధువుల అబ్బాయి ఒకడు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చాలా ఏళ్లు పనిచేశాడు. కడప, రాయచోటి, మదనపల్లె, పీలేరు, ఈ వరసలో కువైట్ మొహం చూడని ఇల్లు అరుదు. అఖామా, కఫీల్, ఖల్లాస్ లాంటి అరబీ మాటలు మా ఆడవాళ్ల నోట కూడా మామూలుగానే దొర్లుతాయి. వాడు ఆ కొట్టు ముందు నాతో నిలబడి, "ఆడ దీన్ని ఫస్ఫూరీ అంటారు మామా" అన్నాడు. ఫస్ఫూరీ అంటే భాస్వరపు రంగు. కళ్లు జిగేలుమనే పచ్చకైనా నారింజకైనా అరబ్బులకు భాస్వరం గుర్తొస్తుంది, మనకు రేడియం గుర్తొస్తుంది. రెండు జనాలూ చదువుకున్నవాళ్లను అడక్కుండా తలా ఒక మూలకాన్ని బజారుకు తెచ్చుకున్నాయి. జనం ఇంత చొరవగా వాడుకునేటప్పుడు పుస్తకాలవాళ్లు ఏం చేశారు అన్న ప్రశ్న నాకు అక్కడ పుట్టింది.

వాడే నాకు ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. వాడు రోజూ బడికి దింపే పిల్లవాడి పాత సైన్సు పుస్తకం, అరబీలో. నేను హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఉర్దూ బడిలో పనిచేసిన ఒక అయ్యవారు నాకు ఆ లిపి అక్షరాలు దిద్దించారు కాబట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని మెల్లగా చదవగలను. మన తెలుగు పాఠ్యపుస్తకాన్ని, ఆ అరబీ పుస్తకాన్ని పక్కపక్కన పరిచి, ఒక్క యురేనియం చుట్టూ ఉన్న మాటల్ని మాత్రం తూకం వేస్తూ పోయాను. ఇది ఆ తూకమే.

ముందు పేరు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1789లో ఈ మూలకాన్ని గుర్తించి, అప్పటికి ఎనిమిదేళ్ల కిందట కనబడిన యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. తెలుగు దాన్ని యురేనియం అని రాసుకుంది, అరబీ యూరానియూమ్ అని రాసుకుంది. ఇనుముకు హదీద్, బంగారానికి దహబ్, సీసానికి రసాస్, పాదరసానికి జిబక్, గంధకానికి కిబ్రీత్ అని సొంత పేర్లున్న అరబీ, కొత్త మూలకాల దగ్గరకొచ్చేసరికి వచ్చిన పేరును వచ్చినట్టే తీసుకుంది. మనం మొదట్లో కొంత పట్టుబట్టాం. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి కాలం నుంచి ఉదజని, ఆమ్లజని, నత్రజని అని కల్పించుకుంటూ వచ్చాం. నత్రజని మాత్రం ఎరువుల బస్తాతోపాటు పొలానికి చేరి బతికింది. తక్కినవి పుస్తకాల్లోనే ముసలివయ్యాయి. 1961లో ఢిల్లీలో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదజాల సంఘం మూలకాల పేర్లను అంతర్జాతీయ రూపంలోనే ఉంచాలని నియమం పెట్టుకుంది. మంచి నియమం. అప్పటికే రేడియమూ యురేనియమూ తెలుగులో ఇంటి మనుషులు.

ఇంటి మనుషులు అని ఊరికే అనడం లేదు. లాటిన్‌లో నపుంసక నామాల చివర వచ్చే 'ఉమ్'కూ, మన అమహద్వాచకాల చివరి సున్నకూ చుట్టరికం ఏమీ లేదు. కానీ చెవికి రెండూ ఒకటే. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకానికి. యురేనియం, యురేనియాన్ని, యురేనియానికి. ఒక్క విభక్తి దగ్గర కూడా తడబాటు లేదు. వ్యాకరణం తెలియని పిల్లవాడు కూడా తప్పు చెయ్యడు. అరబీలో ఈ సుఖం లేదు. ఆ భాష మూడు హల్లుల ధాతువు మీద నడుస్తుంది, ధాతువు దొరకని పేరు లోపలికి రాదు. ఆక్సిజన్ నుంచి 'అక్సద' అని ఏకంగా క్రియనే పుట్టించుకున్న భాష యురేనియం దగ్గర ఆగిపోయింది. పైగా అరబీలో 'ప' లేదు. పొలోనియం బూలూనియూమ్ అయింది, ప్లుటోనియం బ్లూతూనియూమ్ అయింది. పొలోనియం, తన దేశం పోలండ్ పేరు మీద మేరీ క్యూరీ 1898లో పెట్టుకున్న పేరు. ఆ మొదటి అక్షరం అక్కడ మారిపోతుంది, ఇక్కడ పదిలంగా ఉంటుంది.

పేరు విషయంలో తెలుగుదే పైచేయి. అసలు తేడా పేరు చుట్టూ ఉన్న మాటల్లో ఉంది, అక్కడ మాత్రం నేను మనవైపు నిలబడలేకపోయాను.

పరమాణువుతో మొదలుపెడదాం. అరబీలో పరమాణువు 'దర్రా'. చిన్న చీమ అని ఒక అర్థం, ఎండ కిరణంలో తేలాడే నలుసు అని ఒక అర్థం. ఖురాన్‌లో ఉన్న మాట కాబట్టి చదువు రాని ముసలమ్మకూ తెలుసు. ఉర్దూలో అదే 'జరా' అయి, తెలంగాణలో 'జర ఆగు' అన్నప్పటి 'జర' అయింది. తెలంగాణలో బస్సు ఆపమని అడిగే ప్రతివాడూ తనకు తెలియకుండా పరమాణువును తలుచుకుంటున్నట్టే. మనకు కూడా ఆ నలుసు కొత్తది కాదు. కిటికీ సందులోంచి పడే ఎండలో కనబడే రేణువును త్రసరేణువు అని మన పెద్దలు కొలతకు వాడారు. ఆ రేణువునూ విడదీస్తూ పోతే చివరికి మిగిలేది పరమాణువు అన్నారు. ఆలోచనలో మనవాళ్లు ఒక మెట్టు లోపలికి పోయారు. ఆ గౌరవం వాళ్లకు దక్కాలి. కానీ మాటను అచ్చులో నిలబెట్టడంలో మనం చెడగొట్టుకున్నాం. పాఠ్యపుస్తకంలో అణువు అంటే పరమాణువులు కలిసి ఏర్పడేది. ఉదాహరణకు నీటి అణువు. పత్రికలో అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్తు. పగలు బడిలో అణువు, పరమాణువు వేరు అని చెప్పి పిల్లవాడికి మార్కులు తగ్గిస్తాం, సాయంత్రం పేపర్లో ఆ తేడా చెరిపేస్తాం. అరబీ ఈ పొరపాటు చెయ్యలేదు. దర్రా పరమాణువు, 'జుజై' అణువు, బాంబు కూడా దర్రాదే.

పరమాణువు నడిమి భాగాన్ని మనం కేంద్రకం అంటాం. కేంద్రం సంస్కృతంలాగే ఉంటుంది కానీ జ్యోతిషంతోపాటు గ్రీకు నుంచి వచ్చిన మాట, వాళ్ల 'కెంత్రోన్'. తప్పేమీ లేదు, నడిమి చోటు అని అర్థమవుతుంది. అరబీలో అది 'నవాత్', ఖర్జూరపు గింజ. లాటిన్ న్యూక్లియస్‌కు కూడా మూలార్థం కాయలోపలి పప్పే కాబట్టి, వాళ్లు ఆ బొమ్మను వదలకుండా తమ చెట్టుకు తగిలించుకున్నారు. ఇందులో ఉన్న గొప్ప నాకు ఖర్జూరంతో అర్థం కాలేదు, మామిడితో అర్థమైంది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి తోతాపురి కాయ చేతికిస్తే చీకట్లో కూడా టెంక ఎక్కడుందో చెబుతాడు. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర జూన్, జూలై నెలల్లో టెంకలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. కేంద్రకం అంటే ఒక బిందువు, వృత్తలేఖినితో కాగితం మీద గుచ్చిన చుక్క. టెంక అంటే గట్టిది, బరువున్నది, పగలగొడితే లోపల ఇంకేదో ఉన్నది, మొలక దాచుకున్నది. పరమాణువు బరువంతా అందులోనే ఉంటుందని, దాన్ని పగలగొట్టొచ్చని, పగిలితే బయటికి వచ్చేది చిన్న విషయం కాదని టెంక అన్న మాటే సగం చెప్పేస్తుంది. కేంద్రకం ఆ పని చెయ్యదు, పక్కన వాక్యాలు రాసి చెప్పాలి. కేంద్రకాన్ని వదిలేసి ఇప్పుడు పాఠాల్లో టెంక అని రాయమని నేననడం లేదు. స్థిరపడిన మాటను పీకడం మంచిది కాదు. కానీ మొదటిసారి పాఠం చెప్పే అయ్యవారు మామిడికాయ ఒకటి క్లాసుకు తెచ్చి చెప్పగలడు గదా. నేను తేలేదు, నాకు తోచలేదు. అరబీ పుస్తకం చదివాకే తోచింది.

రేడియోధార్మికత. ఈ మాట మీద నాకు చిరకాలంగా బాధ ఉంది. 1898లో క్యూరీ దంపతులు వాడుకలోకి తెచ్చిన ఫ్రెంచి మాటకు తెలుగు ఇది. రేడియో అలాగే ఉంచి 'యాక్టివిటీ'కి ధార్మికత పెట్టారు. పెట్టినవాళ్ల తర్కం నాకు తెలుసు. రసాయనశాస్త్రంలో భౌతిక ధర్మాలు, రసాయన ధర్మాలు అంటాం, ధర్మం అంటే గుణం. నిప్పుకు కాల్చడం ధర్మం, యురేనియానికి కిరణాలు వెదజల్లడం ధర్మం. సంస్కృతం తెలిసినవాడికి చక్కగానే ఉంది. కానీ ఈ పాఠం నేను చెప్పింది తిరుపతిలో. బడి గోడ అవతల ధార్మికోపన్యాసం అని బ్యానరు కట్టి ఉంటుంది. హిందూ ధర్మ ప్రచార పరిషత్ పేరు పిల్లలు పుట్టినప్పటి నుంచి చూస్తూ ఉంటారు. ధార్మికుడు అంటే దానధర్మాలు చేసే పుణ్యాత్ముడు. అక్కడ కూర్చున్న పిల్లకు 'రేడియోధార్మిక పదార్థం ప్రమాదకరం' అని నేను చెబితే, ఆ వాక్యం సగంలో విరిగిపోతుంది. ఒకమ్మాయి లేచి 'ధార్మికం అయితే ప్రమాదం ఎట్ల సార్' అని అడిగింది. మంచి ప్రశ్న. నేను గుణధర్మం అని వివరించాను. ఆమె తలూపింది, కానీ మొహం మీద అనుమానం అలాగే ఉంది.

అరబీలో కిరణం 'షుఆ', కిరణాలు వెదజల్లడం 'ఇష్ఆ', వెదజల్లే వస్తువు 'ముషి'. మూడూ ఒకే ధాతువు. రేడియోధార్మికత 'నషాత్ ఇష్ఆఈ', అంటే కిరణాల చలాకీ. ఒకటి తెలిస్తే మూడూ తెలుస్తాయి. మన దగ్గర కిరణం ఒక మాట, వికిరణం దానికి కొంత చుట్టం, రేడియోధార్మికత ఎవరికీ కానిది. 'కిరణాలు చిమ్మే గుణం' అని మూడు మాటల్లో చెబితే మా వీధిలో అందరికీ తెలుస్తుంది. చిమ్మడం ఎంత సరిగ్గా సరిపోతుందో చూడండి. ఎవరూ తట్టకుండా, ఎవరూ వేడిచెయ్యకుండా తనంతట తాను, ఆగకుండా చిమ్ముతూ ఉండేది ఊట. బెకరెల్ 1896లో సొరుగులో పెట్టిన యురేనియం లవణం కింద ఫొటో పలక మీద మరక చూసి గుర్తించింది ఆ గుణాన్నే.

అర్ధాయువు దగ్గర తప్పు మనది ఒక్కరిదే కాదు, ఇంగ్లీషుదీ ఉంది. తెలుగులో అర్ధాయుష్షు అంటే నడిమి వయసులో చనిపోయినవాడి కథ. దాంతో చదివేవాడికి, ఒక సగం ఆయువు అయింది, ఇంకో సగం అయితే ఆ పదార్థం చచ్చిపోతుంది అనిపిస్తుంది. అలా కాదు. రేడియం 1600 ఏళ్లకు సగం అవుతుంది, ఇంకో 1600 ఏళ్లకు ఆ సగంలో సగం మిగిలి ఉంటుంది. యురేనియం 238కి ఆ సగానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, దాదాపు భూమి వయసంత. అరబీ మాట 'ఉమ్ర్ అన్ నిస్ఫ్', సగపు వయసు. సగం కావడానికి పట్టే వయసు అన్న అర్థం కొంతవరకు వినబడుతుంది. ఈ నిస్ఫ్ మనకు బాగా దగ్గరిది. సగం సగం సమంగా పంచేవాడు మున్సిఫ్, అదే మన మునసబు. కరణం, మునసబుల పదవులు 1984లో పోయాయి గానీ మా పెద్దల కాగితాల నిండా ఆయన సంతకాలే. జిల్లా అన్న మాట కూడా అరబీలో పక్కటెముక. 1911లో చిత్తూరు జిల్లా అని పేరు పెట్టినప్పుడు ఎవరూ ఇది పరాయిది అనుకోలేదు. ఆర్కాటు నవాబుల కచేరీల నుంచి దిగిన హక్కు, నకలు, దాఖలా, కరారు లేకుండా మా ప్రాంతంలో సెంటు భూమి చేతులు మారదు. ఐసోటోపుకు అరబీవాళ్లు పెట్టుకున్న నజీర్ కూడా ఆ కోవదే. నజీర్ అంటే సాటి, బేనజీర్ అంటే సాటిలేనిది. ఒకే మూలకం, ఒకే రసాయన గుణం, బరువులో మాత్రం తేడా ఉన్న సాటివాళ్లు. 1913లో సాడీ వాడుకలోకి తెచ్చిన గ్రీకు మాటను మనం ఐసోటోపు అనే ఉంచుకున్నాం, అందులో తప్పు పట్టను.

నేను నిజంగా తప్పు పట్టేది ఒక్క మాటను. శుద్ధి.

ఒక సాయంత్రం టీవీలో ఇరాన్ వార్త వస్తోంది. యురేనియాన్ని 60 శాతం వరకు శుద్ధి చేశారని, 90 శాతానికి పోతే బాంబు అవుతుందని చెబుతున్నారు. కువైట్‌లో పనిచేసి వచ్చిన మా అబ్బోడు అన్నం తింటూ తలెత్తి, "మామా, తుమ్మలపల్లెలో గూడా యురేనియం శుద్ధే గదా చేస్తాండేది? అంటే మన కడపలో గూడా బాంబుకేనా?" అన్నాడు. వాడి ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ లేదు. పేపరు వాడికి ఆ మాటే నేర్పింది. ఇరాన్‌లోని నతాంజ్ కేంద్రంలో జరిగిందీ శుద్ధే, కడప జిల్లా వేముల మండలంలో జరిగేదీ శుద్ధే. రెండు పనులకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉంది.

తుమ్మలపల్లెలో జరిగేది ఇది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అక్కడ గని తవ్వుతోంది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు నడక మొదలుపెట్టింది. వేంపల్లె శిలలు అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే సున్నపురాయి జాతి రాళ్లలో యురేనియం చాలా పలచగా ఉంటుంది. టన్ను రాయికి అర కిలో కూడా దక్కదు. చాలాచోట్ల ముడిరాతిని ఆమ్లంలో నానబెట్టి యురేనియం లాగుతారు. ఇక్కడ ఆమ్లం పోస్తే సున్నపురాయే దాన్ని బుసబుసమని తాగేస్తుంది, యురేనియానికి మిగలదు. అందుకని క్షారంతో, ఒత్తిడి పెట్టి, వేడిచేసి కరిగిస్తారు. చివర పసుపుపచ్చని సోడియం డైయురనేటు పొడి వస్తుంది, దాన్ని హైదరాబాదులో 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్సుకు పంపుతారు. ఇంగ్లీషువాళ్ల ఆల్కలీ అరబీ 'అల్ ఖిలీ'యే, ఉప్పునేల మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద. మా దగ్గర దాని పని చేసింది చౌడు. చాకళ్లు వంకలో చౌడుమట్టి ఎత్తుకొచ్చి బానలో గుడ్డలు ఉడకబెట్టేవాళ్లు. గుడ్డలోంచి మురికిని పట్టి లాగే గుణమే ఇక్కడ రాతిలోంచి యురేనియాన్ని లాగుతోంది. కాబట్టి తుమ్మలపల్లె పనికి శుద్ధి అన్న మాట సరిపోతుంది. రాయి పోయింది, సరుకు మిగిలింది. మిల్లు వదిలిన మడ్డి చెరువు గురించి, బోరునీళ్ల గురించి, అరటితోటల గురించి ఆ ఊళ్ల రైతులు చేసిన ఫిర్యాదులు వేరే పెద్ద విషయం. వాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పాలన్నా ముందు ఈ పని ఏమిటో వాళ్లకు తెలిసే మాటల్లో ఉండాలి.

నతాంజ్‌లో జరిగింది వేరు. అక్కడికి చేరేసరికే యురేనియంలో మురికి లేదు. వెయ్యి గింజల్లో 993 యురేనియం 238, ఏడు గింజలు యురేనియం 235. రెండూ యురేనియమే, రెండూ శుభ్రమైనవే. చాలా దేశాల విద్యుత్ రియాక్టర్లకు ఆ ఏడును 30 నుంచి 50 చేస్తారు. బాంబుకు 900 దాటిస్తారు. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లకు ఆ ఏడే చాలు, పెంచనక్కర్లేదు. అంటే మా అబ్బోడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది, తుమ్మలపల్లె మిల్లులో ఆ ఏడు ఏడుగానే ఉంటుంది. ఈ రెండు పనులకూ ఒకే మాట పెట్టి, కడప రైతుకు లేని భయాన్ని పుట్టించాం, పట్టించుకోవాల్సిన నీళ్ల భయాన్ని పక్కకు తోశాం.

అరబీ ఈ పనికి 'తఖ్సీబ్' అంది. 'ఖిస్బ్' అంటే నేల సారం, పంట. నైలు నుంచి యూఫ్రటీస్ దాకా వంగిన సారవంతమైన నేలకు అరబీలో ఉన్న పేరులో ఈ ధాతువే ఉంది. తఖ్సీబ్ అంటే నేలకు సారం ఎక్కించడం. సత్తువ లేని చేనికి పెంట తోలి సత్తువ తెచ్చినట్టు, పలచటి యురేనియాన్ని సత్తువైన యురేనియం చేస్తారు. ఇరాన్ మాట్లాడేది అరబీ కాదు ఫారసీ, వాళ్లు 'గనీ' చెయ్యడం అంటారు, సంపన్నం చెయ్యడం. మన సుసంపన్నం కూడా అప్పుడప్పుడు పేపర్లో కనబడుతుంది, అది శుద్ధి కన్నా నయం. తఖ్సీబ్‌లో ఉన్న మేలు ఏమిటంటే, గని దగ్గరి పనికి ఆ మాట ఎవరూ పెట్టరు. బాగ్దాదులో పేపరు చదివేవాడు గనినీ నతాంజ్‌నూ కలిపెయ్యడు.

అయినా ఆ మాటనూ నేను పూర్తిగా ఒప్పుకోను. చేనికి పెంట తోలితే బయటి నుంచి కొత్తది చేరుతుంది. యురేనియానికి బయటి నుంచి ఏమీ చేరదు. ఉన్న గింజల్లోంచే తేలికైనవి ఒక పక్కకు, బరువైనవి ఒక పక్కకు పోతాయి. ఆవిరి చేసిన యురేనియం సమ్మేళనాన్ని నిలువు గొట్టంలో పోసి మహావేగంతో తిప్పితే, బరువైన 238 అంచుకు జరుగుతుంది, తేలికైన 235 నడుమకు దగ్గరగా ఉంటుంది. నడిమిది తీసి ఇంకో గొట్టంలో, అక్కడి నుంచి ఇంకో గొట్టంలో, అలా వేల గొట్టాలు దాటిస్తారు. ఇది మాకు తెలియని పనా? కళ్లంలో చేటతో ఎత్తి పోస్తూ గాలికి తూర్పారబట్టడమే కదా. గింజ దగ్గర పడుతుంది, పొట్టు దూరం పోతుంది, ఒక్క విసురుకు రాదు, మళ్లీ ఎత్తి మళ్లీ పోయాలి. బరువులో తేడానే ఇక్కడా అక్కడా పనిముట్టు. శుద్ధి మురికిని ఊహిస్తుంది, తఖ్సీబ్ ఎరువును ఊహిస్తుంది, రెండూ లేని చోట తూర్పారబట్టడం జరిగేదాన్ని జరిగినట్టు చూపిస్తుంది. మా అబ్బోడికి ఆ రాత్రి నేను అలాగే చెప్పాను. చెనక్కాయల కాలంలో కళ్లంలో పెరిగిన పిల్లోడు వాడు. కంచం పక్కకు జరిపి, రెండు చేతులూ చేట పట్టినట్టు ఎత్తి, "అంటే తేలికదే గట్టిదన్నమాట, పొట్టే గింజ ఆడ" అన్నాడు. నేను అంత చక్కగా చెప్పలేదు.

తూర్పారబట్టిన తర్వాత మిగిలేదానికి కూడా రెండు భాషల్లో మాటలున్నాయి. 235 చాలావరకు పోగా మిగిలిన యురేనియం సీసం కన్నా 1.7 రెట్లు బరువైనది కాబట్టి ట్యాంకుల ఉక్కును చీల్చే గుండ్లకు వాడారు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్, కువైట్ నేలల మీద అలాంటి గుండ్లు దాదాపు 300 టన్నులు పడ్డాయి. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే మూత్రపిండాలకు విషం. మన పేపర్లు దీన్ని క్షీణించిన యురేనియం అంటాయి. క్షీణించినది అంటే మంచం పట్టిన మనిషి గుర్తొస్తాడు, బలహీనపడింది, ఇంక హాని లేదు అనిపిస్తుంది. అరబీలో అది 'మునద్దబ్'. ఆ ధాతువును మొదట వాడింది నీటికి. బావిలో నీరు నేలలోకి దిగిపోవడం, ఊట అడుగంటడం. మాకు దానికి సరైన మాట ఉంది. ఇంకిపోవడం. మునద్దబ్ అంటే ఇంకించిన యురేనియం. నీళ్లు ఇంకినా బావి అక్కడే ఉంటుంది, లోతు అంతే ఉంటుంది, పిల్లలు పడితే ప్రమాదమూ అంతే ఉంటుంది. క్షీణించిన అన్న మాటలో లేని ఈ హెచ్చరిక ఇంకిన అన్న మాటలో ఉంది. పైగా అరబీలో ఆ రూపానికి వ్యాకరణపు అచ్చు ఒకటి కావాలి, తెలుగులో క్రియకు చిన్న తోక తగిలిస్తే చాలు. ఇంకిన, ఇంకించిన, తూర్పారబట్టిన. ఇంత సులువైన భాషను చేతిలో పెట్టుకుని మనం క్షీణించిన దగ్గరికి పోయాం.

మా అబ్బోడి నాయన 1990లో కువైట్‌లో ఉన్నాడు. ఇరాక్ సైన్యం దిగాక ఎడారి దాటి అమ్మాన్ చేరి, విమానంలో ఇంటికి వచ్చిన లక్షా డెబ్బై వేల మందిలో ఆయన ఒకడు. యుద్ధం అయిపోయాక మళ్లీ అక్కడికే పోయాడు. కాలిన ట్యాంకులు ఇసుకలో వరసగా పడి ఉండేవని, వాటి పక్కనే నీడకు కూర్చుని రొట్టె తిన్నామని చెప్పేవాడు. ఆ ఇనుములో ఏముందో చెప్పే మాట అప్పట్లో ఆయనకు ఏ భాషలోనూ ఎవరూ ఇవ్వలేదు.

అరబీ పుస్తకం తిరిగి ఇచ్చేముందు నేను కొన్ని మాటల పక్కన పెన్సిలుతో తెలుగు రాశాను. నవాత్ పక్కన టెంక. తఖ్సీబ్ పక్కన తూర్పారబట్టడం. యూరానియూమ్ మునద్దబ్ పక్కన ఇంకిన యురేనియం. వాడు పేజీలు తిప్పుతూ చివరిదాని దగ్గర ఆగి, వేలు పెట్టి చదివి, కిటికీలోంచి బయటికి చూశాడు. వాళ్ల చేనులో పాత బాయి కనబడుతుంది అక్కడి నుంచి. వాళ్ల తాత తవ్వించిన మెట్లబాయి అది, మా చిన్నప్పుడు ఈతలు కొట్టిన బాయి. చుట్టూ ఆరు బోర్లు పడ్డాక అందులో నీళ్లు రాలేదు. అంచున కంపచెట్టు మొలిచింది.

"ఇది మా బాయి సంగతి రాసినట్టుండాది మామా" అన్నాడు.